దివిసీమలో నేవీ నడక

సముద్రానికి ఇసుకను గట్టుగా పోసి నిలబెట్టిన దేవునికి స్తోత్రం. గాలికి దారి చూపేవాడికి, రెక్క ఉన్న ప్రతిదాన్నీ పైకి లేపి మళ్లీ క్షేమంగా దించేవాడికి స్తోత్రం. మూసుకుపోయిన ఒక నోరు తెరుచుకోవడం కోసం పన్నెండేళ్లు ఓపిక పట్టిన ఆయన దీర్ఘశాంతానికి మరీ మరీ స్తోత్రం.

ఈ ఫిబ్రవరిలో నేను గుడివాడ, బందరు, దివిసీమ చూసి వచ్చాను. చూడటానికి వెళ్లలేదు. అందుకే ఎందుకు వెళ్లానో ముందే చెప్పేస్తాను.

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి నా సాక్ష్యం తెలుసు. ‘ఇంజిను సాక్ష్యం’ అంటారు దాన్ని. పదిహేనేళ్లు నేవీలో, అందులో ఎక్కువ భాగం విమానాలు మోసే ఓడ మీద పనిచేశాను. ఒకరోజు జెట్ విమానం ఎగరబోయే ముందు నేను లోలోపల ప్రార్థన చేస్తుండగా ఇంజినులో ఏదో పడి అది ఆగిపోయిందనీ, ఎగిరాక పడి ఉంటే పైలట్ సముద్రంలో కలిసిపోయేవాడనీ, ఒక సహోదరుడి అజాగ్రత్త నుంచి దేవుడు అందరినీ కాపాడాడనీ చెప్పేవాణ్ణి. ఎన్ని కూడికల్లో చెప్పానో లెక్కలేదు. ఈ పత్రికలోనే రెండుసార్లు అచ్చయింది.

అందులో ఒక అబద్ధం ఉంది. నేను వెళ్లింది ఆ అబద్ధం వల్ల నష్టపోయిన మనిషి దగ్గరికి.

క్రిస్మస్ తర్వాత మా సంఘం నన్ను తన పెద్దల్లో ఒకడిగా ఎన్నుకుంది. తల మీద చేతులుంచి ప్రార్థించి ఆ పని అప్పగించే ఆదివారం కూడా ఖాయమైంది. దానికి ముందు మా పాస్టరు గారు నన్ను కూర్చోబెట్టి, “ఎవరితోనైనా సరిచేసుకోవలసింది ఏమన్నా ఉందా?” అని అడిగారు. అందరినీ అడిగే ప్రశ్నే. అందరూ లేదండీ అంటారు. నేనూ అనబోయాను. అర్పణ తెచ్చినవాడికి సహోదరుడి నొప్పి గుర్తొస్తే అర్పణను అక్కడే వదిలి ముందు అతని దగ్గరికి వెళ్లమని ప్రభువు చెప్పిన మాట మీద నేనే రెండుసార్లు సందేశం ఇచ్చి ఉన్నాను. పాస్టరు గారు నా మొహం చూసి, “వెళ్లి రండి. ఆదివారాలు ఇంకా చాలా వస్తాయి” అన్నారు.

గుడివాడలో అట్లకాడ

మాది మార్కాపురం వైపు, పలకలు తీసే గనుల ఊరు. మా దగ్గర వేసవి రాకముందే బిందెలు వరుసలో కూర్చుంటాయి. గుడివాడలో రైలు దిగి నడుస్తుంటే ఎటు చూసినా నీళ్లే. కాలువలో నీళ్లు, బోదెలో నీళ్లు, ఇంటి వెనక గుంటలో నీళ్లు. ఒకావిడ కాలువ గట్టున బిందె తోమి, నిండా ముంచి, ఎందుకో నచ్చక పారబోసి మళ్లీ ముంచుకుంది. మా ఊళ్లో అలా పారబోస్తే ఆ సంగతి మూడు వీధులు చెప్పుకుంటారు.

స్టేషను దగ్గర ఒక చిన్న హోటల్లో పెసరట్టు ఉప్మా చెప్పాను. ఎనిమిది రూపాయలు. అల్లం పచ్చడి అడిగినంత వేశారు. హోటలు యజమాని భారీ మనిషి, పెనం ముందు నుంచి కదలకుండానే అందరితో మాట్లాడతాడు.

“ఏ ఊరండీ తమది?”

“మార్కాపురం వైపండి.”

“అబ్బో, పలకల ఊరు! మా మాస్టారు నా నెత్తిన బద్దలు కొట్టినవన్నీ మీ సరుకేనండి. ఏం చేస్తుంటారు?”

నేవీలో చేసి వచ్చాననీ, విమానాల ఓడ మీద పని అనీ చెప్పాను. ఆయన అట్టు తిప్పడం మానేశాడు.

“ఓడ మీద విమానం ఎలా లేస్తుందండీ? మా గన్నవరంలో దానికి మైలు పొడుగు రోడ్డు వేశారు కదా?”

నిజానికి ఇది అందరూ అడిగే ప్రశ్న. గొప్ప దేశాల ఓడలు మైదానమంత ఉంటాయి. అక్కడ విమానాన్ని ముందుకు విసిరే యంత్రం ఉంటుంది, దిగేటప్పుడు దాని కొక్కేన్ని పట్టి ఆపడానికి అడ్డంగా ఇనుప తాళ్లు ఉంటాయి. మా ఓడ అంత పెద్దది కాదు. కొన్ని దేశాలు ఇంకా చిన్నవి, హెలికాప్టర్ల కోసమే కడతాయి. మధ్యరకం ఓడ మీద జెట్ విమానం నడపాలంటే రెండు ఉపాయాలు కావాలి. ఒకటి ఓడలో, రెండోది విమానంలో.

మాటలతో చెబితే ఆయనకు ఎక్కలేదు. బల్ల మీదున్న అట్లకాడ తీసుకున్నాను. “ఇదిగో, ఇదే ఓడ అనుకోండి. ముక్కు దగ్గర ఇలా పైకి వంచి కడతారు. విమానం ఇక్కడి నుంచి పరుగెత్తి వచ్చి ఈ వంపు ఎక్కిందంటే, రోడ్డు అయిపోయినా పైకే విసిరేసినట్టు లేస్తుంది. పడిపోయేలోపు వేగం అందుకుంటుంది.” ఆ వివరణతో ఆగి ఉంటే బాగుండేది. ఉల్లిపాయ ముక్క ఒకటి దాని మీద పెట్టి వేలితో కొట్టాను. అది వంపు ఎక్కి చక్కగా లేచి, పక్క బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్న పెద్దాయన కాఫీలో పడింది.

“విమానం సముద్రంలో పడిందండోయ్!” అని యజమాని కేక పెట్టాడు. నేను లేచి క్షమించమన్నాను. ఆ పెద్దాయన ఉల్లిపాయ ముక్కను చెంచాతో తీసి చూసి, “పైలట్ క్షేమం. ఇంకో కాఫీ తెప్పించండి, చాలు” అన్నాడు. తర్వాత తనే అడిగాడు. “మరి దిగేదెలాగండీ? తాళ్లు లేవంటిరి?”

“అదే విమానంలో ఉన్న ఉపాయం. దాని ఇంజిను మూతులు వెనక్కే కాదు, కిందికి కూడా తిరుగుతాయి. ఓడ పక్కకు వచ్చి గాలిలో నిలబడిపోతుంది. తర్వాత మెల్లగా పక్కకు జరిగి, డెక్కు మీదికి నిలువుగా దిగుతుంది.”

“కాకి గోడ మీద వాలినట్టు?”

“అలాగే. కానీ ఆ చప్పుడును చెవులు కాదు, ఎముకలు వింటాయి.”

“అలా నిలబడగలిగితే ఇక హెలికాప్టర్లు దేనికండీ?” అన్నాడు యజమాని.

మంచి ప్రశ్న. జెట్లు ఎగిరే రోజు ముందుగా లేచేది హెలికాప్టరే. ఓడకు ఒక పక్కన గాలిలో కాపలా ఉంటుంది. ఏ విమానమైనా నీళ్లలో పడితే తాడు వదిలి మనిషిని పైకి లాగడం దాని పని. జెట్లన్నీ దిగాక, అన్నిటికన్నా ఆఖరున అది దిగుతుంది. ముందు లేచి వెనక దిగేవాడే కాపరి అని ఆ రోజుల్లో అనుకునేవాణ్ణి. ఇది కూడా నా సందేశాల్లో చాలాసార్లు వాడాను. దాని వెనకున్న మనిషి గురించి మాత్రం చెప్పలేదు.

ఆ మనిషి పేరు నాంచారయ్య. దివిసీమలో సముద్రపు వేట చేసే కుటుంబం. ఆ డెక్కు మీద నాకు బావ. మా ఇద్దరికీ చుట్టరికం లేదు, మతమూ ఒకటి కాదు. తెలుగు మాట వినపడితే చాలు, ఓడ మీద అందరూ బావలే. నా దగ్గరున్న పాత చిరునామా అతని అక్కగారి భర్తది. గుడివాడ మార్కెట్లో ఎండుచేపలు అమ్ముతారు. అడగ్గా అడగ్గా దొరికారు. తట్టలో ఎండు మెత్తళ్లు సర్దుతూ తలెత్తి, “నాంచారయ్యా? దివిలోనే ఉన్నాడండి. నాగాయలంక దిగి అడగండి, వాడి ఇల్లు ఎవరైనా చెప్తారు. నేవీ మానేసి వచ్చినా వాడికి నేవీ పిచ్చి పోలేదు. వెళ్తున్నారుగా, చూస్తారు” అన్నారు. ఏమి చూస్తానో చెప్పలేదు. పావు కిలో మెత్తళ్లు పొట్లం కట్టి డబ్బు తీసుకోలేదు. ఆ వాసన నా సంచీలోంచి ఇంటికి వచ్చేదాకా పోలేదు.

బందరులో బుధవారం కూడిక

మచిలీపట్నాన్ని అక్కడివాళ్లు బందరు అనే అంటారు. మా పాస్టరు గారికి తెలిసిన ఒక కుటుంబం ఆ రాత్రికి చోటిచ్చింది. భర్త స్కూలు మాస్టారు, భార్య నర్సు. సాయంత్రం వాళ్ల ఇంట్లోనే బుధవారం కూడిక. చాపలు పరిచారు, పాతిక మంది దాకా వచ్చారు. మా దగ్గర కూడికకు మరమరాలు, బెల్లం పంచుతారు. అక్కడ బందరు లడ్డు పెట్టారు. నోట్లో వేసుకుంటే నమలాల్సిన పని లేదు. మూడు తిన్నాను. మూడోది తింటుండగా మాస్టారు లేచి నిలబడ్డారు.

“ఇవాళ మనకి దేవుడిచ్చిన బహుమానం. పత్రికలో ఇంజిను సాక్ష్యం చదివారు కదా? ఆ సహోదరుడు ఈయనేనండి!”

అందరి మొహాలూ వెలిగాయి. ఒక ముసలమ్మ “నేను దాన్ని కత్తిరించి దాచుకున్నాను నాయనా” అంది. సగం తిన్న లడ్డు పక్కన పెట్టాను. నిలబడ్డాను. ఆ కథ నాకు నిద్రలో కూడా వస్తుంది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగితే ‘స్తోత్రం’ అంటారో అన్నీ తెలుసు. నిజం చెబుతున్నాను, ఇంకొక్కసారి చెప్పేద్దామనే అనిపించింది. రేపటి నుంచి మానేయొచ్చు కదా అని.

“ఆ సాక్ష్యంలో ఒక మాట తక్కువైంది” అన్నాను. “అది ముందు ఒక మనిషికి చెప్పాలి. చెప్పకుండా ఇక్కడ నోరు తెరవలేను. నా కోసం ప్రార్థన చేయండి.” అని కూర్చున్నాను.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కాసేపటికి నర్సమ్మ గారే ఒక కీర్తన ఎత్తుకున్నారు. అన్నం పెట్టేటప్పుడు ఆవిడ పెరుగు వేస్తూ, “కట్టు విప్పితేనేనండీ పుండు మానేది. మీరు వెళ్లి రండి” అన్నారు.

మంగినపూడి

మర్నాడు పొద్దున్నే ఆటోలో మంగినపూడి వెళ్లాను. దివిసీమ బస్సెక్కే ముందు ఒకసారి సముద్రం చూడాలనిపించింది. అక్కడి ఇసుక నల్లగా, కాలు పెడితే మెత్తగా ఉంటుంది. చాలా దూరం వెళ్లినా నీళ్లు మోకాలు దాటవు. నేను పనిచేసిన సముద్రంతో పోలిస్తే ఇది పెంపుడుదానిలా ఉంది. కానీ ఉప్పెన వచ్చింది కూడా ఈ సముద్రం నుంచే.

తల వంచుకుని ఒడ్డున నడుస్తుంటే చేపల బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకావిడ పిలిచింది. “ఏందయ్యా వెతుకుతున్నావ్? ఏమన్నా పారేసుకున్నావా?”

నాకు అలా నడవడం అలవాటు. “ఆఁ, పారేసుకున్నానమ్మా” అన్నాను.

“బంగారమా?”

“ఇత్తడి.”

“ఇత్తడికా ఇంత వెతుకులాట! పోయి అన్నం తిను.”

ఆవిడకు చెప్పలేనిది మీకు ఇక్కడ చెబుతాను.

విమానాల ఓడ మీద రోజూ పొద్దున, జెట్లు ఎగరకముందు ఒక పని ఉంటుంది. డెక్కు మీద పనిచేసేవాళ్లంతా ఈ అంచు నుంచి ఆ అంచుకు భుజానికి భుజం ఆనించి వరుసగా నిలబడతారు. తల వంచి, కళ్లు కింద పెట్టి, ఓడ ఒక కొస నుంచి ఇంకో కొస దాకా అడుగులో అడుగు వేస్తూ నడుస్తారు. మేకు, గులకరాయి, తీగ ముక్క, చొక్కా గుండీ, ఏది కనిపించినా ఏరతారు. ఎందుకంటే ఆ విమానం ఇంజిను నోళ్లు రెండు పక్కలా తెరుచుకుని ఉంటాయి. ఎదురుగా ఉన్నదాన్నల్లా పీలుస్తాయి. గోరంత లోహం ముక్క లోపలికి వెళితే చాలు, ఇంజినులో తిరిగే రెక్కలు చిట్లిపోతాయి. అందుకే ఆ వరుసలో అధికారి, నావికుడు తేడా లేదు. మాట్లాడకూడదు, ఆగకూడదు. ఎవరి ముందున్న చోటుకు వాళ్లే బాధ్యులు. జేబులు ముందే ఖాళీ చేసి రావాలి.

నా జేబులు ఖాళీయే. కానీ ఒళ్లంతా కప్పే ఓవరాల్ లోపల, గుండెల దగ్గర, ఒక ఇత్తడి నక్షత్రం పిన్నుతో గుచ్చుకుని ఉండేవాణ్ణి. చిన్నప్పుడు ఏడాదంతా ఒక్క ఆదివారం మానకుండా సండే స్కూలుకు వెళ్లినందుకు ఇచ్చిన బహుమతి. లోహమేదీ డెక్కు మీదికి తేకూడదని తెలుసు. ఇది దేవుడి గుర్తు, దీనికి ఆ నియమం వర్తించదని అనుకున్నాను. నా భక్తి నాకు నేర్పిన గర్వం అది.

ఆ రోజు వరుసలో నా కుడి పక్కన నాంచారయ్య. నడక అయ్యాక, విమానాలకు వేసిన గొలుసులు విప్పడానికి ఒంగినప్పుడు పిన్ను ఊడినట్టుంది. అతని చోటులో పడింది. జెట్ ఇంజిను అందుకోగానే చప్పుడు మారింది. పైలట్ వెంటనే ఆపేశాడు. లోపల నలిగిన ఇత్తడి ముక్క దొరికింది. ఆకారం మిగల్లేదు. అది ఎవరి చోటో లెక్క చూశారు. నా గుండెల దగ్గర ఖాళీ నాకు తెలుస్తూనే ఉంది. నేను నోరు విప్పలేదు. అధికారులది తప్పనను, వాళ్ల ముందున్న సాక్ష్యం అంతే.

నాంచారయ్యకు అప్పటికి నెల ముందే హెలికాప్టర్‌లో తాడు పట్టుకుని దిగి మనుషుల్ని లాగే పనికి శిక్షణ మంజూరైంది. దాన్ని రద్దు చేసి ఒడ్డు మీద స్టోర్సుకు పంపేశారు. మళ్లీ మేమిద్దరం ఒక ఓడ మీద కలవలేదు.

పులిగడ్డ దాటుతూ

బస్సు చల్లపల్లిలో చాలాసేపు ఆగింది. వడ్ల బస్తాల లారీలు రోడ్డుకు అడ్డం. పక్క సీట్లో అరటి గెల ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. నాకు ఒక పండు తుంచి ఇచ్చి, ఊరూ పేరూ అడిగి, తన సంగతులు మొదలుపెట్టింది. పులిగడ్డ దగ్గర కాలువను మోసే అక్విడెక్టు వంతెన మీదుగా నది దాటుతుంటే కిందికి చూపించి అంది. “డెబ్బై ఏడులో ఉప్పెనప్పుడు మూడు రోజులు అన్నం లేదండి. నాలుగో రోజు హెలికాప్టర్ వచ్చింది. ముందు భయపడి దాక్కున్నాం. తర్వాత దండాలు పెట్టాం. పొట్లాలు పడ్డాక కొట్టుకున్నాం.” గెల ఒళ్లో సర్దుకుని, “నేను కూడా ఒకావిడ జుట్టు పట్టుకున్నానండి. ఆవిడ పక్క ఊళ్లోనే ఉంటుంది. కనపడితే ఇప్పటికీ నవ్వుకుంటాం” అంది.

నాంచారయ్య కూడా ఆ కథే చెప్పేవాడు. అప్పుడు అతనికి పదేళ్లు. తాడిచెట్టు మట్టల్లో ఒక రాత్రంతా గడిపాడు. తెల్లారి వాళ్లమ్మ కనిపించలేదు. తర్వాత ఆకాశంలోంచి ఒక మనిషి వంగి తనవైపు చూసి పొట్లం విసిరాడు. “ఆ మనిషి మొహం ఇప్పటికీ గుర్తుంది బావా. నేనూ అలా వంగి చూడాలి ఎవర్నైనా” అనేవాడు. నేవీలో చేరిందే అందుకు.

అరటిపండు చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ “తినవేంటయ్యా?” అని కోప్పడేదాకా గుర్తులేదు.

పీతల ఇగురు

సాయంత్రానికి అతని ఇల్లు చేరాను. ఊరి పేరు రాయను, సముద్రం వైపు ఆఖరి పల్లెల్లో ఒకటి. పెంకుటిల్లు, ముందు వలలు, పక్కన సరుగుడు తోట. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న మనిషి నన్ను దూరం నుంచే చూసి లేచాడు.

“బావా! మార్కాపురం! నువ్వేనా? మొహం చూసి పోల్చుకోలేదు, నడక చూసి పోల్చుకున్నా. ఇంకా నేల చూపులేనా?”

కౌగిలించుకున్నాడు. నా చేతులు లేవలేదు. అతని భార్య తిరుపతమ్మ నన్ను అప్పుడే మొదటిసారి చూడటం, కానీ అన్నయ్యగారూ అని పిలిచి కాళ్లకు నీళ్లిచ్చింది. గంటలో పండుగప్ప పులుసు, పీతల ఇగురు సిద్ధమయ్యాయి. నేను తినేముందు ప్రార్థన చేస్తుంటే నాంచారయ్య కూడా చేతులు కట్టుకుని కూర్చుని, “నీ దేవుడికి చెవుడు లేదుగా బావా, త్వరగా కానీ, పులుసు చల్లారుతుంది” అన్నాడు. పీత ఎలా ఒలవాలో నాకు రాదు. డొప్పతో కుస్తీ పడుతుంటే తిరుపతమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. “పలకల ఊరాయన కదా, ఒక రాయి తెచ్చివ్వండి, కొట్టుకు తింటారు.”

చెప్పాలని నోరు తెరిచిన ప్రతిసారీ విస్తట్లో ఇంకో ముక్క పడింది. నాకూ అదే నయమనిపించింది. తిన్నాక అతనే అన్నాడు.

“పొద్దున తొందరగా లే బావా. నేవీ నడక చూపిస్తా.”

“నేవీ నడకేంటి?”

“వలలు ఇసుక మీద పరుస్తాం కదా. సీసా పెంకో, సర్కారు తుమ్మ ముల్లో ఉంటే నైలాను తెగిపోతుంది. ఒక వల పోతే ఒక ఇంటికి నెల తిండి పోయినట్టు. అందుకని వలలు పరిచే ముందు ఊరంతటినీ వరుసలో నడిపిస్తా. మొదట్లో నవ్వారు. ఇప్పుడు నేను రాకపోయినా నడుస్తారు.” తర్వాత గొంతు తగ్గించాడు. “ఆ రోజు నా చోటులో ఒకటి వదిలేశాను కదా. ఒక్కటి. దానికే హెలికాప్టర్ పోయింది. ఇక్కడ ముల్లు కూడా వదల్ను.”

ఇన్నేళ్లూ అతను నన్ను అనుమానిస్తూ ఉంటాడని భయపడ్డాను. అనుమానించలేదు. తనను తానే అనుమానించుకున్నాడు. పక్క మీద పడుకుని చాలాసేపు అదే తలుచుకున్నాను. దేవుడు పంపిన చోటికి వెళ్లకుండా పారిపోయిన యోనాను మింగిన చేప నన్ను మింగితే బాగుండుననిపించింది.

భుజం భుజం

పొద్దున సరుగుడు తోట అంచున ముప్పై మంది దాకా నిలబడ్డారు. ఆడవాళ్లు కొంగులు బిగించి, మగవాళ్లు లుంగీలు ఎగ్గట్టి. నాంచారయ్య మధ్యలో నిలబడి “భుజం భుజం!” అని అరిచాడు. ఒకావిడ “నా భుజం మీ బావకి తగులుతోంది, నీ పెళ్లాన్ని ఇటు పంపు” అంది. అందరూ నవ్వారు. నాంచారయ్య నన్ను చెయ్యి పట్టి తన ఎడమ పక్కన నిలబెట్టుకున్నాడు.

“పాత చోటే బావా.”

వరుస కదిలింది. నవ్వులు ఆగిపోయాయి. ఇసుక మీద అడుగుల చప్పుడు, దూరంగా అలల చప్పుడు. నేను తల ఎత్తకుండానే చెప్పాను. నడకలో మాట్లాడకూడదన్న నియమాన్ని కూడా తప్పాను. ఆ ఇత్తడి నాదని, లోపల గుచ్చుకున్న నక్షత్రమని, నడక అయ్యాక పడిందని, నువ్వు నడిచేటప్పుడు అక్కడ ఏమీ లేదని, నాకు తెలిసి కూడా మాట్లాడలేదని. నాలుగు మాటలు. పన్నెండేళ్లు పట్టింది.

అతను ఆగలేదు. వరుసలో ఎవరూ ఆగకూడదు. మధ్యలో వంగి ఒక సీసా పెంకు తీశాడు, ఇంకో రెండడుగులకు ఒక ముల్లు. నీళ్ల దాకా నడిచి, ఏరినవన్నీ డబ్బాలో వేసి, అప్పుడు నావైపు తిరిగాడు.

“నడక అయ్యాక పడిందా?”

“అయ్యాకే.”

“నేను నడిచేటప్పుడు లేదు?”

“లేదు.”

“కళ్లు చూపించుకున్నాను బావా” అన్నాడు. “విజయవాడ వెళ్లి. రెండుసార్లు. బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. బాగున్న కళ్లు ఎట్లా వదిలేశాయి అని…” డబ్బా నా చేతిలో పెట్టి వల దగ్గరికి వెళ్లిపోయాడు.

తిరుపతమ్మ అంతా విన్నది. “పీతల ఇగురు తిన్నాక చెప్పారేంటి అన్నయ్యగారూ? ముందే చెబితే అన్నం పెట్టననుకున్నారా?” అంది. “పెట్టేదాన్ని. కారం ఎక్కువేసి పెట్టేదాన్ని” అని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాకా నాంచారయ్య వల దగ్గరే ఉన్నాడు. నేను సరుగుడు చెట్ల కింద కూర్చున్నాను. వెళ్లిపొమ్మంటే వెళ్లిపోదామని సంచి పక్కనే పెట్టుకున్నాను. వల బాగుచేయడం అయ్యాక అతనే వచ్చి పక్కన కూర్చున్నాడు.

“మీ గుళ్లో ఈ కథ చెప్తుంటావంట కదా. మా బావ ఎప్పుడో గుడివాడలో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాడు. నన్నేమని చెప్పేవాడివి?”

“పేరు చెప్పలేదు. ఒక సహోదరుడి అజాగ్రత్త అన్నాను.”

నేను “క్షమించు బావా” అన్నాను.

“అది మీ దేవుణ్ణి అడుగు. ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటుందంటావుగా. నా దగ్గరికి ఇంకా రాలేదు” అన్నాడు. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. “ఎంతమందికి చెప్పావు ఆ కథ?”

“చాలామందికి.”

“అయితే అంతమందికీ ఇది చెప్పు. పేరు పెట్టి చెప్పు. నాంచారయ్య కళ్లు బాగానే ఉన్నాయని చెప్పు. అచ్చేసి నాకొకటి పంపించు. చదివాక చూద్దాం.”

బస్సు దాకా తనే వచ్చాడు. సైకిలు మీద నా సంచి పెట్టుకుని, పక్కన నడుస్తూ. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి ఒక పొట్లం లోపలికి విసిరాడు. విప్పి చూస్తే వేయించిన రొయ్యలు. కారం చాలా ఎక్కువగా ఉంది.

తిరిగి వచ్చాక

మా సంఘంలో ఆదివారం లేచి ఇదంతా చెప్పాను. పెద్దల జాబితాలోంచి నా పేరు పక్కన పెట్టారు. అది సరైన పనే. బందరు మాస్టారు గారికి ఉత్తరం రాశాను. కత్తిరించి దాచుకున్న ఆ అమ్మగారికి ఈ కాగితం కూడా చూపించమని కోరాను.

ఈ పత్రిక వారు పాత సాక్ష్యం వేసిన చోటే ఇది వేస్తామన్నారు. అందుకని పాఠకులందరికీ, నా నోట ఆ కథ విన్న ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. ఆ రోజు వరుసలో తన చోటును నాంచారయ్య జాగ్రత్తగా చూశాడు. ఏమీ వదల్లేదు. నాంచారయ్య కళ్లు బాగానే ఉన్నాయి.

ఇక మీరు నాతో కలిసి ప్రార్థన చేయాలి. ఒంటరిగా కాదు. ఆ డెక్కు మీద నిలబడ్డట్టు, ఆ ఇసుక మీద నిలబడ్డట్టు, భుజానికి భుజం ఆనించి తల వంచండి. ఆ మనిషి మనసు మీద నేను వేసిన బరువు దిగాలని అడగండి. మన భక్తి పేరున మనం దాచి తిరుగుతున్నది ఏదైనా ఉంటే, ఇంకొకరి చోటులో పడకముందే తీసేయగలిగే ధైర్యం అడగండి. ప్రభువా, ఎవరి దగ్గర నుంచి జారిందో వారి చేతనే ఏరించు. ఆమేన్.